బండి తిరిగొచ్చిందని రాయించుకున్నారా?

సొంత బండి మీద దేశం దాటాలనుకునే పాఠకుల ప్రశ్నలకు ఈ నెల జవాబులు. జవాబిస్తున్నది విశాఖపట్నం పోర్టు దగ్గర క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో 26 ఏళ్ళు పనిచేసి, తన బుల్లెట్ మీద నేపాల్, భూటాన్ తిరిగొచ్చిన మా శీర్షిక రచయిత.

ప్రశ్న: మేం ముగ్గురు స్నేహితులం. దసరా వెళ్ళాక రెండు బళ్ళ మీద ముక్తినాథ్ వెళ్దామనుకుంటున్నాం. ఒక బండి నాదే గాని ఫైనాన్సు ఇంకా తీరలేదు. రెండోది మావాడి నాన్నగారి పేరు మీద ఉంది. నేపాల్‌కి మనవాళ్ళకి వీసా అక్కర్లేదంటారు కదా, మరి బండికి ఏం కావాలి?
— ఒక పాఠకుడు, తణుకు

తమ్ముడూ, వీసా అక్కర్లేదన్న మాట నిజమే. మనిషికి పాస్‌పోర్టు గాని, ఓటరు కార్డు గాని ఉంటే చాలు. ఆధార్ ఒక్కటే నమ్ముకుని బయల్దేరకండి. చిక్కంతా బండితోనే. మనిషికి ఉన్న వెసులుబాటు బండికి లేదు. ఆ దేశం లెక్కలో మీ బండి సుంకం కట్టకుండా లోపలికి వచ్చిన సరుకు. మళ్ళీ బయటికి పోతుందన్న మాట మీద కొన్నాళ్ళు ఉండనిస్తారు, అంతే. ఏ దేశానికి వెళ్ళినా ఈ సంగతి గుర్తుంటే మిగతా కాగితాలన్నీ ఎందుకడుగుతున్నారో మీకే తెలిసిపోతుంది.

మీకు దగ్గర దారి నాగపూర్, జబల్‌పూర్, వారణాసి, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలి. అవతలి ఊరు బేలహియా. అక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి చెబుతాను. గేటు దగ్గర చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఉత్తరప్రదేశ్ బళ్ళ మీద సంతకి పోయినట్టు అటూ ఇటూ పోతుంటారు. వాళ్ళనెవరూ ఆపరు. వాళ్ళ వెనకే మీరూ పోతే మిమ్మల్నీ ఎవరూ ఆపకపోవచ్చు. కానీ యాభై కిలోమీటర్లు పోయాక ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి ‘భన్సార్’ చూపించమంటాడు. అప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. భన్సార్ అంటే వాళ్ళ కస్టమ్స్. గేటు దాటగానే బండి పక్కన పెట్టి, మీరే అడిగి ఆ ఆఫీసుకి వెళ్ళాలి. అసలు ఆర్‌సీ, లైసెన్సు చూపించి, ఎన్ని రోజులుంటారో చెప్పి, రోజుకింత అని సుంకం కట్టి రసీదు తీసుకోవాలి. దాంతోపాటు రవాణా శాఖ ఇచ్చే ‘యాతాయాత్’ అనుమతి కూడా తీసుకోండి. దారిలో ‘బ్లూబుక్’ అని అడిగితే కంగారుపడకండి, వాళ్ళు అడుగుతున్నది మన ఆర్‌సీనే.

ఆ రసీదు చేతికి రాగానే ఎండలోకి వచ్చి తేదీ చదవండి. అది విక్రమ శకం తేదీ. మన 2018 నవంబరులో నేను వెళ్ళినప్పుడు దాని మీద 2075 అని ఉంది. నెల కూడా మన నెల కాదు, వాళ్ళ కార్తీకం. నేను ఏడు రోజులకి కట్టాను. సాయంత్రం నాలుగింటికి గేటు దాటాను గనక ఆ రోజు లెక్కలోకి రాదనుకున్నాను. వచ్చింది. పోఖరా నుంచి దిగి వస్తుంటే ఒక పోలీసు రసీదు తీసుకుని, వేలితో తేదీ చూపించి, నిన్నటితో అయిపోయిందన్నాడు. గౌరవంగానే మాట్లాడాడు. తప్పు నాదే. ఆ రోజు సుంకం, పైన జరిమానా కట్టాను. సగం రోజు పోయింది. అందుకని చెబుతున్నాను, మీకు పది రోజులు కావాలంటే పన్నెండు రోజులకి కట్టండి. కొండదారిలో ఒక చరియ విరిగిపడితే రోజంతా అక్కడే ఉండాల్సొస్తుంది. బయటి బండికి ఏడాదిలో మొత్తం 30 రోజుల వరకే ఈ పద్ధతి.

తిరిగొచ్చేటప్పుడు ఇంటి మీద ధ్యాస ఉంటుంది, అవతల సునౌలి కనిపిస్తూ ఉంటుంది. అయినా సరే, మళ్ళీ ఆ ఆఫీసుకి వెళ్ళి బండి బయటికి పోతోందని రాయించుకోండి. వెళ్ళేటప్పుడు ఎవరైనా అడుగుతారు. వచ్చేటప్పుడు అడిగేవాళ్ళుండరు, మీరే గుర్తుపెట్టుకోవాలి.

ఇక మీ రెండు బళ్ళ సంగతి. ఫైనాన్సు ఉన్న బండికి ఆ బ్యాంకు దగ్గర, ఫలానా తేదీల్లో నేపాల్ తీసుకెళ్ళడానికి అభ్యంతరం లేదని ఎన్‌ఓసీ తీసుకోండి. నాన్నగారి బండికి ఆయన ఇంగ్లీషులో అధికార పత్రం రాసి, నోటరీ చేయించి, తన గుర్తింపు కార్డు నకలు జతచెయ్యాలి. అందులో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు రాయండి. బండి నంబరొక్కటే సరిపోదు.

ఇన్సూరెన్సు గురించి ఎవరూ అడగరు, నేనడుగుతాను. మీ పాలసీ నేపాల్‌లో పనిచేస్తుందా? మామూలుగా చెయ్యదు. మన మోటారు టారిఫ్‌లో ఐఎంటీ 1 అనే ఎండార్స్‌మెంటు, అంటే పాలసీకి జతచేసే అదనపు షరతు, ఉంది. అది వేయించుకుంటే బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులకి పాలసీ పొడిగిస్తారు. టారిఫ్ ప్రకారం ప్యాకేజీ పాలసీకి 500 రూపాయలు, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే 100. ఏజెంటుకి తెలియకపోతే ఈ నంబరు చెప్పి కంపెనీని అడగమనండి. ఐదొందల కాగితం లేక పరాయి ఊళ్ళో ఆస్పత్రి బిల్లు, అవతలివాడి నష్టం రెండూ సొంత డబ్బుతో కట్టిన కుటుంబాన్ని నేను చూశాను.

డబ్బు వంద నోట్లలో పట్టుకెళ్ళండి, మన నూరు రూపాయలు వాళ్ళ 160. బేనీ దాటాక దారి రాళ్ళమయం. కాళీగండకి లోయలో మధ్యాహ్నం అయ్యేసరికి గాలి బండిని పక్కకి తోసేస్తుంది. మార్ఫా నుంచి కాగ్‌బేనీ వరకు పొద్దున్నే దాటెయ్యండి. 108 దివ్యదేశాల్లో ఒకటైన సాలగ్రామ క్షేత్రం ముక్తినాథ్‌కి సొంత బండి మీద వెళ్ళి ఆ నూట ఎనిమిది ధారల కింద తడిసిన రోజు నాకిప్పటికీ చలి పుట్టిస్తుంది, సంతోషమూ పుట్టిస్తుంది. వెళ్ళి రండి.

ప్రశ్న: మా దంపతులం స్కూటరు మీద భూటాన్ చూడాలని కోరిక. సాధ్యమేనా?
— ఉపాధ్యాయుడు, ఖమ్మం

సాధ్యమే మాస్టారూ. బెంగాల్‌లోని జైగావ్ నుంచి అవతలి ఊరు ఫుంట్‌షోలింగ్‌లోకి ప్రవేశం. అక్కడ మనుషులకు వేరే, బండికి వేరే అనుమతి తీసుకోవాలి. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు ఉండాలి, లేదా ఓటరు కార్డు. ఆధార్ పనికిరాదు. ఖర్చు లెక్కేసుకునేటప్పుడు మరవకూడనిది, భారతీయులకైనా మనిషికి రాత్రికి 1200 రూపాయల రుసుము. 2022 సెప్టెంబరులో వాళ్ళు సరిహద్దులు మళ్ళీ తెరిచినప్పటి నుంచి ఇది అమల్లో ఉంది. ఇద్దరికి ఆరు రాత్రులంటే 14,400, బస, తిండి కాకుండా. స్కూటరుకన్నా సిలిగుడి దగ్గరి బాగ్‌డోగ్రా దాకా విమానంలో వెళ్ళి అక్కడ కారు మాట్లాడుకోవడం మీకు సుఖం. ఖమ్మం నుంచి సిలిగుడి దాకా స్కూటరు మీద వెళ్తే మాత్రం నడుము గురించి నాకు ఉత్తరం రాయాల్సొస్తుంది.

ప్రశ్న: నేను, నా భార్య మా బైకు మీద హైదరాబాద్ నుంచి లండన్ వెళ్ళాలని రెండేళ్ళుగా డబ్బు దాస్తున్నాం. ‘కార్నే’ అనే పుస్తకం ఉంటే ఏ దేశమైనా వెళ్ళొచ్చని ఒకరు, అది యూరప్‌లో అక్కర్లేదని ఇంకొకరు చెబుతున్నారు. ఏది నిజం?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

రెండూ సగం సగం నిజం. కార్నే అంటే బండి పాస్‌పోర్టు అనుకుంటారు గాని, దాన్ని పూచీకత్తు పుస్తకం అనడమే సరైనది. బండిని మీరు ఆ దేశంలో అమ్మేసుకుని వస్తే ఆ సుంకం ఎవరు కడతారు? ‘మేం కడతాం’ అని మన దేశంలోని ఆటోమొబైల్ సంఘం హామీ ఇస్తుంది. మన దగ్గర ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఈ పుస్తకం ఇస్తుంది. ఆ హామీకి బదులుగా మీ దగ్గర డిపాజిట్ గాని, బ్యాంకు గ్యారంటీ గాని తీసుకుంటారు. బండి విలువ ఎంత, ఏ ఏ దేశాలు వెళ్తున్నారు అన్నదాన్ని బట్టి ఆ మొత్తం ఉంటుంది. సుంకం ఎక్కువున్న దేశం ఒక్కటి చేరినా మొత్తం పెరిగిపోతుంది. అందుకే దారి తేల్చుకోకుండా కార్నేకి దరఖాస్తు పెట్టకండి.

ఇరాన్, ఈజిప్టు లాంటి దేశాలకి అది తప్పనిసరి. మధ్య ఆసియా, రష్యా, యూరప్ దేశాలకి అక్కర్లేదు, సరిహద్దులోనే తాత్కాలిక ప్రవేశం రాసిస్తారు. యూరప్ యూనియన్‌లో బయటి దేశస్థుల సొంత బండి ఆరు నెలల వరకు ఉండొచ్చు. ఇన్సూరెన్సు మాత్రం వేరే. ఒక దేశం బండి ఇన్సూరెన్సు ఇంకో దేశంలో చెల్లేలా అక్కడ నడిచే గ్రీన్ కార్డు పద్ధతిలో మన దేశం లేదు గనక మన కంపెనీ కాగితం చెల్లదు, సరిహద్దులో దొరికే పాలసీ కొనుక్కోవాలి. కార్నేలో ఇన్సూరెన్సు కూడా ఉందనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. లేదు.

పుస్తకం చేతికొచ్చాక మీ భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒక పేజీ నిదానంగా చూడండి. ఒక్కో దేశానికి ఒక్కో పేజీ. పేజీకి మూడు ముక్కలు. దేశంలోకి వెళ్ళేటప్పుడు కస్టమ్స్‌వాళ్ళు కింది ముక్క చించుకుంటారు. బయటికి వచ్చేటప్పుడు మధ్య ముక్క చించుకుంటారు. పై ముక్క పుస్తకంలోనే మిగులుతుంది. వెళ్ళిన ముద్ర, వచ్చిన ముద్ర రెండూ దాని మీద పడాలి. ఆ పై ముక్కే మీ డిపాజిట్. కిందిది చిరిగి, మధ్యది చిరగకుండా మిగిలిందంటే, మీ బండి ఇంకా ఆ దేశంలోనే ఉన్నట్టు.

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. పేరు, ఊరు రాయను. తొమ్మిది దేశాలు తిరిగి, బండిని ఓడలో వేయించి ఇంటికి వచ్చాడు. ఒకచోట అర్ధరాత్రి సరిహద్దు దాటుతూ, కౌంటరులో మనిషి లేకపోతే, పాస్‌పోర్టుకి ముద్ర పడింది కదా అని బండి ముద్ర లేకుండానే వచ్చేశాడు. కొన్ని నెలల తర్వాత ఆ దేశం నుంచి సుంకం కట్టమని తాఖీదు. డిపాజిట్ ఆగిపోయింది. పుస్తకం చివర ‘బండి ఫలానా చోట ఉంది’ అని ధ్రువీకరించే పత్రం ఒకటి ఉంటుంది. కస్టమ్స్ అధికారి బండిని కళ్ళతో చూసి దాని మీద సంతకం చెయ్యాలి. ఆ పని మీద మా ఆఫీసుకి వచ్చాడు.

బండి హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ మీద ఛాసిస్ నంబరు కొట్టి ఉంటుంది. తొమ్మిది దేశాల మట్టి దాని మీదే ఉంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. ఆరాక పల్చటి కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దాను. అక్షరాలు ఒక్కొక్కటే తెల్లగా పైకి తేలాయి. అధికారి పుస్తకం పట్టుకుని చదువుతున్నాడు, నేను కాగితం చూసి చెబుతున్నాను. పదకొండో అక్షరం దగ్గర ఆగాం. లోహం మీద ‘బి’ ఉంది. ఆర్‌సీలో ‘8’ ఉంది. ఆర్‌సీ చూసి రాసింది గనక కార్నేలోనూ ‘8’ ఉంది. తొమ్మిది దేశాల్లో ఎవరూ పట్టుకోని తప్పు ఇంటికొచ్చాక బయటపడింది. ఆర్‌సీ దిద్దించి, కాగితాలన్నీ మళ్ళీ పంపి, డిపాజిట్ చేతికి వచ్చేసరికి ఏడు నెలలు. ఆ కుర్రాడు ఆ డబ్బుతో చెల్లెలి పెళ్ళి చెయ్యాలనుకున్నాడు. అందుకే ఎవరొచ్చి ప్రయాణం గురించి అడిగినా, ముందు పెన్సిలు, కాగితం తీసుకుని బండి దగ్గరికి వెళ్ళమంటాను. మీరు కూడా ఈ ఆదివారం ఆ పని చెయ్యండి. అక్షరానికి అక్షరం ఆర్‌సీతో సరిచూసుకోండి, ఇంజను నంబరు కూడా.

దారి విషయం. ఇక్కడి నుంచి చక్రాల మీదే లండన్ అన్న మాట ఇప్పుడు కుదరదు. పాకిస్తాన్‌లోకి వెళ్ళే అటారీ దారి మూసి ఉంది. నేపాల్ మీదుగా టిబెట్ వెళ్ళే రసువాగఢి దగ్గర మితేరి వంతెన 2025 జులై వరదలో కొట్టుకుపోయింది. వంతెన ఉన్నా, చైనాలో వాళ్ళ గైడు, వాళ్ళ తాత్కాలిక నంబరు ప్లేటు, వాళ్ళ లైసెన్సు లేకుండా బండి కదలదు. మన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అక్కడ చెల్లదు. మిగిలింది బండిని నావా షేవా లేదా ముంద్రా నుంచి ఓడలో గల్ఫ్‌కి గాని, విమానంలో నేరుగా యూరప్ దగ్గరికి గాని పంపడం. ఓడలో పంపేటప్పుడు పెట్రోలు పూర్తిగా తియ్యాలి, బ్యాటరీ తీగలు విప్పాలి. క్రేటు చెక్కకి పురుగు పట్టకుండా వేడిచేసిన ముద్ర ఉండాలి. అది లేని చెక్కని అవతలి పోర్టు ఒప్పుకోదు. అన్నిటికన్నా ముందు, ఇక్కడ బయల్దేరేటప్పుడే మన కస్టమ్స్‌తో కార్నే మీద ముద్ర వేయించండి. మన బండే కదా అని వదిలేస్తే, తిరిగొచ్చినప్పుడు అది ఇక్కడి నుంచి వెళ్ళిన బండేనని నిరూపించడం మీ పని అవుతుంది.

మిగతా దేశాలకి కావలసిన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మీ ఆర్టీఓ ఆఫీసులోనే ఇస్తారు. ఫారం 4ఎ, రుసుము 1000 రూపాయలు, గడువు ఒక ఏడాది. కార్నేకీ గడువు ఏడాదే. రెండూ ఒకేసారి అయిపోయేలా కాకుండా, పర్మిట్ బయల్దేరే వారం ముందు తీసుకోండి. దారిలో బండి పాడైపోతే అక్కడే వదిలేసి రావొచ్చా అని కూడా అడిగారు మీ ఉత్తరం చివర. వదలకూడదు. తుక్కు చేసినా సరే, కస్టమ్స్ ఎదుట తుక్కు చేసినట్టు కాగితం కావాలి.

ప్రశ్న: దుబాయ్‌లో పనిచేస్తున్నాను. మా కారులో ఒమన్‌లోని సలాలా వెళ్ళి వానలు చూడాలని పిల్లలు అడుగుతున్నారు. ఇండియా నుంచి ఏమైనా కాగితాలు తెప్పించుకోవాలా?
— ఒక పాఠకుడు, జగిత్యాల వాస్తవ్యులు, ప్రస్తుతం దుబాయ్

ఏమీ అక్కర్లేదన్నా. బండి అక్కడిది గనక అక్కడి కాగితాలే. ముల్కియా, అంటే అక్కడి ఆర్‌సీ, మీ పేరున ఉండాలి. లోను ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, అద్దె కారైతే ఆ కంపెనీ ఎన్‌ఓసీ. ఇన్సూరెన్సు ఒమన్‌లో చెల్లుతుందని చూపే ఆరెంజ్ కార్డు అడిగి తీసుకోండి. కొన్ని పాలసీల్లో ముందే ఉంటుంది, లేకపోతే సరిహద్దులో కొనాలి. హత్తా దగ్గర దాటొచ్చు. సలాలా దాదాపు 1200 కిలోమీటర్లు, పిల్లలున్నారు గనక మధ్యలో ఒక రాత్రి ఆగండి. చీకటి పడ్డాక ఆ ఎడారి రోడ్డు మీద నడపకండి. ఒంటెలు రోడ్డు మీదే నిలబడతాయి, లైట్లకి కదలవు. జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా అక్కడ మన అరకులో లాగా మంచు, జల్లు, పచ్చిక. ఊరు గుర్తొస్తుంది మీకు.

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం. మణిపూర్ మీదుగా మయన్మార్, అక్కడి నుంచి థాయిలాండ్ బండి మీద వెళ్తానంటున్నాడు. వద్దంటే కోపం, వెళ్ళమంటే నాకు భయం. ఏం చెప్పమంటారు?
— ఒక తల్లి, టెక్కలి

అమ్మా, అబ్బాయి చెబుతున్న దారి ఒకప్పుడు ఉండేది. 2018 ఆగస్టులో మణిపూర్‌లోని మోరే, అవతల మయన్మార్‌లోని తామూ ఊళ్ళ దగ్గర సరిహద్దు పాస్‌పోర్టు మీద దాటేందుకు తెరిచారు. మనవాళ్ళు చాలామంది ఆ దారిన వెళ్ళొచ్చారు. ఆ కథలు చూసే మీవాడికి ఈ ఆశ పుట్టి ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో అక్కడ సైన్యం పాలన చేజిక్కించుకున్నాక పరిస్థితి మారిపోయింది. ఇవతల మణిపూర్‌లో 2023 మే నుంచి గొడవలు. ఈ దారిన ఇప్పుడు బండి మీద వెళ్ళమని నేను ఎవరికీ చెప్పను. మీరు వద్దన్నందుకు కాదు, అవతల దారి లేదు కాబట్టే కుదరదని అబ్బాయికి చెప్పండి.

థాయిలాండ్ చూడాలంటే విమానంలో వెళ్ళి అక్కడే బండి అద్దెకి తీసుకోవడం మేలు. బయటి బండికి వాళ్ళు 2016 నుంచి ముందస్తు అనుమతి పెట్టారు, అది ఏజెన్సీ ద్వారా తెచ్చుకోవాలి, ఖర్చు ఎక్కువ. సొంత బండి మీదే దేశం దాటాలన్న కోరిక మాత్రం గట్టిదమ్మా, ఆ కోరికని కోసెయ్యకండి. ముందు నేపాల్ వెళ్ళి రమ్మనండి. పైన తణుకు కుర్రాళ్ళకి రాసిందంతా వాడికి చదివి వినిపించండి.

బయల్దేరే ముందు ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు నకళ్ళు మీ దగ్గర పెట్టమనండి. సరిహద్దు దాటగానే భన్సార్ రసీదు ఫొటో తీసి మీకు పంపమనండి. దాని మీద ఎన్ని రోజులుందో మీరు క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి, గేటు దాటిన రోజుతో కలిపి. ఆఖరి రోజుకి రెండు రోజుల ముందు ఫోను చేసి, ‘నాయనా, ఎక్కడున్నావు’ అని అడగండి. వచ్చేటప్పుడు రాయించుకున్న కాగితం ఫొటో కూడా పంపాలని ఇప్పుడే మాట తీసుకోండి. ఆ రెండో ఫొటో వచ్చేదాకా ప్రయాణం అయినట్టు లెక్కపెట్టకండి.